కౌంట్ సరిగ్గానే వస్తోంది, మరి స్క్రీన్ మీద పేర్లేవి?



"మేడమ్, ల్యాబ్‌లో పనిచేసిన జావా ప్రోగ్రామ్ ఇంట్లో సరిగ్గా రావడం లేదట. ల్యాప్‌టాప్ మార్చాలా?" అని పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు అడుగుతున్నారు. మార్చనక్కర్లేదు. దయచేసి పిల్లల్ని కూడా తిట్టకండి. ఆ ప్రోగ్రామ్‌లో జరిగేది ఇదీ.

ఉదయం మన స్కూల్ గేటు ఊహించుకోండి. క్లాస్ టీచర్ దగ్గర అటెండెన్స్ రిజిస్టర్ ఉంటుంది. జావాలో 'లిస్ట్' అంటే అలాంటిదే. ఎప్పుడు తెరిచినా పేర్లు అందులోనే ఉంటాయి. గేటులోంచి ఒక్కొక్కరుగా లోపలికి వెళ్లే పిల్లల వరుస 'స్ట్రీమ్'. అందులో ఏదీ నిల్వ ఉండదు. గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టే వాచ్‌మన్ 'కౌంట్'. "లేటుగా వచ్చినవాళ్లనే లెక్కపెట్టు" అంటే అది 'ఫిల్టర్'. ఇంకో విషయం, చివర్లో కౌంట్ లాంటి ఒక ఆర్డర్ పడేదాకా ఈ వరుస అసలు కదలదు.

పిల్లలు ఎక్కువగా తడబడే చోటు ఒకటుంది. ఒకసారి కౌంట్ చేసిన స్ట్రీమ్‌నే మళ్లీ కౌంట్ చేయబోతే 'ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్' అని ఎర్రర్ వస్తుంది. అందరూ క్లాసుల్లోకి వెళ్లిపోయాక గేటు దగ్గర ఎవరిని లెక్కపెడతాం? రిజిస్టర్ నుంచి మళ్లీ కొత్త వరుస కట్టించాలి. అంటే లిస్ట్ నుంచి ఇంకో స్ట్రీమ్ తీసుకోవాలి. ఒక్క లైను మార్పుతో పోయే ఎర్రర్ ఇది.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. స్ట్రీమ్స్ జావాలోకి 2014లో, 8వ వెర్షన్‌తో వచ్చాయి. ఆ వెర్షన్‌లో కౌంట్ అడిగితే ప్రతి ఎలిమెంట్‌నూ నడిపించి లెక్కపెట్టేది. మధ్యలో 'పీక్' పెట్టి పేర్లు ప్రింట్ చేయమంటే చేసేది. 2017లో వచ్చిన 9వ వెర్షన్ నుంచి జావా కొంచెం తెలివిమీరింది. మొత్తం ఎంతమందో రిజిస్టర్ చూస్తేనే తెలిసిపోతుంటే పిల్లల్ని గేటు దాకా నడిపించడం దేనికి? సంఖ్య చెప్పేసి ఊరుకోవచ్చు. అందుకే ఇంట్లో కొత్త వెర్షన్ ఉంటే జవాబు కరెక్టుగా వస్తుంది కానీ పేర్లు ప్రింట్ కాకపోవచ్చు. అదే ప్రోగ్రామ్‌లో ఫిల్టర్ పెట్టి చూడమనండి, పేర్లు కనిపిస్తాయి. ఎవరు లేటో రిజిస్టర్‌లో ముందే రాసి ఉండదు కదా, చూడాల్సిందే! పేర్లు తప్పకుండా కావాలంటే వాటిని 'ఫర్ ఈచ్'తో విడిగా ప్రింట్ చేసి, కౌంట్ విడిగా అడగడం మంచిది. పీక్ మీద ఆధారపడటం నాకైతే నచ్చదు.

కౌంట్ ఇచ్చే జవాబు 'ఇంట్' కాదు, 'లాంగ్'. ఇంట్‌లో పట్టే పెద్ద సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. మన స్కూల్‌కి అది చాలా ఎక్కువే అనుకోండి! కానీ 2014లో 'గంగ్నమ్ స్టైల్' వీడియో వ్యూస్ ఆ హద్దు దాటుతుండటంతో కౌంటర్‌ను పెద్దది చేశామని యూట్యూబ్ ప్రకటించింది. కాబట్టి ఇంట్ వేరియబుల్‌లో కౌంట్‌ను దాచబోతే కంపైలర్ ఒప్పుకోదు. మీ అబ్బాయో అమ్మాయో అక్కడ ఆగిపోతే, "లాంగ్ పెట్టావా?" అని ఒక్కమాట అడగండి.

ఐసీఎస్ఈ పదో తరగతి పిల్లలకు మాత్రం పరీక్షలో మామూలు లూప్, ఒక కౌంటర్ వేరియబుల్ రాయడమే ముఖ్యం. సున్నాతో మొదలుపెట్టి, షరతు కుదిరినప్పుడల్లా ఒకటి కలపడం. స్ట్రీమ్ లోపల జరిగేదీ దాదాపు ఇదే. అందుకే ముందు లూప్‌తో రాయించండి. అదే లెక్కను తర్వాత స్ట్రీమ్‌తో చేసి, రెండు జవాబులూ కలిశాయో లేదో నోట్‌బుక్‌లో రాసి తెమ్మనండి.