మొక్కజొన్న రొట్టె – పిండి యెంపిక

రొట్టె విరిగినచో ఇల్లాలి చేతిని దూషించుట మన యిండ్లలో వాడుక. పిండి నెవ్వరును దూషింపరు. ఈ వాడుక యెంత యన్యాయమో మేము కన్నులార చూచినదానిని మా సోదరీమణులకు విన్నవించి, పిమ్మట విషయమునకు వత్తుము.

కొన్నినెలల క్రిందట, పూర్వము ఏనుగు మల్లమ్మకొండ యనబడిన హార్సిలీకొండ దరినున్న బి.కొత్తకోటలో బంధువుల యింటికి పోయియుంటిమి. ఆ ప్రాంతమున రాగిసంగటి నిత్యాహారము. మొక్కజొన్న యనగా కంకులు కాల్చి తినుటయే గాని రొట్టె చేయుట యా యింట కొత్త. కొత్తకోడలు ముచ్చటపడి పూనుకొనెను. పిండి కలిపినంతనే వింతయైనది. నొక్కిన గట్టిపడును, చేయి విడిచిన జారిపోవును. ఎట్లో తట్టి పెనముమీద వేయగా ముక్కలుముక్కలయ్యెను. అత్తగారు, “రొట్టె తట్టేది కూడా మీ యమ్మ నేర్పలేదా?” యనిరి. ఆ పిల్ల కన్నులు నిండెను.

మేము పిండి పొట్లమును తెప్పించి చూచితిమి. అందుపై “కార్న్‌ఫ్లోర్” అని యున్నది. “వదినా, తప్పు పిల్ల చేతిది కాదు, పొట్లముది” అని చెప్పితిమి.

కార్న్‌ఫ్లోర్ అనునది మొక్కజొన్నలోని పిండిపదార్థమును మాత్రమే వేరుచేసి యెండబెట్టిన తెల్లని పొడి. అది పులుసులు చిక్కబరచుటకు పనికివచ్చును గాని రొట్టెకు పనికిరాదు. రొట్టెకు కావలసినది గింజను పొట్టుతో, మొలకభాగముతో సహా విసరిన పిండి. పసుపుపచ్చ గింజల పిండి పసుపుగాను, తెల్లగింజల పిండి తెల్లగాను ఉండును గాన రంగొక్కటియే గురుతు కాదు. వ్రేళ్లమధ్య రాచి చూడవలెను. కార్న్‌ఫ్లోర్ సుద్దవలె కిరుకిరుమనును. గింజపిండి కొంచెము గరుకుగా నుండి కమ్మని వాసన వేయును. ఇక మొక్కజొన్నరవ యనునది ఉప్మాకు మంచిదే. రొట్టె కది మిక్కిలి ముదుక.

పిండి పాతదగుకొలది రొట్టె పగులును. గింజ మొలకభాగమున నూనె కలదు. విసరిన పిమ్మట గాలి సోకి యా నూనె చెడి పిండి చేదెక్కును. కావున ఆరిన గింజలను తెచ్చి యేరి, పురుగు బూజు లేనివి మాత్రమే పిండిమరలో పట్టించి, పది పదునైదు దినములకు సరిపడునంత మాత్రమే నిలువచేసికొనుట మేలు. కొనునపుడు చిటికెడు నోట వేసికొని చూడుడు. చేదైనచో విడిచిపెట్టుడు.

ఇక చేయువిధము. గోధుమపిండి తడిసినచో సాగు జిగట అందులోనే పుట్టును. మొక్కజొన్నకు, జొన్నకు, రాగికి ఆ గుణము లేదు. వానికి జిగట నిచ్చునది మరుగునీరే. ఒక గ్లాసు పిండికి ముప్పాతికనుండి ఒక గ్లాసు వరకు నీరు పట్టును. నీరు తెర్లునపుడు ఉప్పువేసి, పిండిపై కొంచెము కొంచెముగా పోసి గరిటెతో కలిపి, పదినిమిషములు మూతపెట్టవలెను. వేడి చేయి పట్టునంతకు తగ్గిన తరువాత అరచేతి మడమతో బాగుగా మర్దింపవలెను. ముద్ద నొక్కినపుడు అంచులు పగిలిన నీరు చాలలేదని తెలియును. తడిచేతితో మరల మర్దింపుడు. తడిగుడ్డపైనో అరిటాకుపైనో తట్టి, బాగుగా కాగిన పెనముపై వేసి, పైభాగమున తడిగుడ్డతో నీరద్ది, అది యారుచుండగా తిరుగవేయవలెను. ముద్దలన్నియు ఒకేసారి తట్టి పెట్టుకొన్నచో ఎండి విరుగును. ఒకటి కాలుచుండగా మరియొకటి తట్టుటయే క్రమము.

రుచి మాట యిది. ఆరోగ్యము మాట ఇంకను ముఖ్యము. మొక్కజొన్ననే నమ్ముకొని, వేరొండు లేక బ్రతికిన బీదజనులకు పెల్లాగ్రా యను వ్యాధి వచ్చెడిది. ఎండతగులు చోట్ల చర్మము నల్లబడి బిరుసెక్కుట, విరేచనములు, తుదకు మతిభ్రమణము దాని లక్షణములు. 1735లో స్పెయినుదేశపు వైద్యుడు గాస్పర్ కసాల్ దీనిని వర్ణించెను. అమెరికాలో జోసఫ్ గోల్డ్‌బర్గర్ 1914 మొదలు పరిశోధించి, ఇది అంటురోగము కాదు, ఆహారలోపమని చూపెను. ఆ లోపించినది నయాసిన్ అను విటమినని 1937లో తేలెను. మనకిది దూరపు కథ గాదు. జొన్నయే ముఖ్యాహారమైన దక్కను బీదలలో గల పెల్లాగ్రాను గూర్చి హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయమునకు చెందిన గోపాలన్, శ్రీకంఠయ్యగారలు 1960లో ప్రకటించిరి.

మొక్కజొన్న పుట్టినిల్లగు మెక్సికోలో దానినే వేలయేండ్లుగా తినుచున్నను ఈ వ్యాధి అంతగా లేకుండుటకు కారణము అచ్చటి స్త్రీల నేర్పే. వారు గింజలను సున్నపునీట ఉడికించి, కడిగి, రుబ్బి రొట్టె చేయుదురు. గింజలో బంధింపబడియున్న నయాసిన్ సున్నముచే విడివడును, పొట్టు ఊడును, పిండికి జిగట కలుగును, సున్నపుసారమును ఒంట పట్టును. తాంబూలపు సున్నము మన యిండ్లకు క్రొత్తది కాదు గదా! కిలో గింజలకు తినదగిన పొడిసున్నము 10 గ్రాములు, నీరు మూడు లీటర్లు చాలును. ముక్కాలుగంట యుడికించి, రాత్రియంతయు నాననిచ్చి, మూడునాలుగు నీళ్లలో పొట్టు పోవునట్లు కడిగి, నీరోడ్చి రుబ్బవలెను. అల్యూమినియము పాత్ర వాడరాదు. దానిని సున్నము తినివేయును. గోడలకు వేయు సున్నమును తాకనైన వలదు. పొడి కండ్లలో పడకుండ జాగ్రత్త వహింపుడు.

ఇంతశ్రమ పడలేనివారు మామూలు పిండితోనే చేసికొనవచ్చును. కాని రొట్టెను ఒంటరిగా తినరాదు. పంజాబువారు ఆవకూరతోను వెన్నతోను తినుట యూరక కాదు. మనకు చెనిక్కాయల ఊరుబిండి కలదు, అనపగింజల పితికిపప్పు కలదు, ఆకుకూరపప్పు కలదు, పెరుగు కలదు. రొట్టెలో కొరవడినది వీనిలో దొరకును. ముఖ్యముగా ఇంట అందరికి వడ్డించి, అడుగున మిగిలిన రొట్టెను పచ్చిమిరపకాయతో నంజుకొని లేచు ఇల్లాలు ఈ మాట మరువరాదు. పప్పుగిన్నెలో తన పాలు ముందుగనే తీసి యుంచుకొనుట స్వార్థము కాదు.

మరునాడు ఆ కోడలు గింజలు మరపట్టించి తెచ్చి, మరుగునీట కలిపి రొట్టెలు చేసెను. అంచు చెదరలేదు. అత్తగారు రెండవరొట్టె అడిగి వేయించుకొని, “నిన్న నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దమ్మా” అనిరి. ఆ పిల్ల పితికిపప్పు గిన్నె ముందుకు జరిపి, “మీరును వేసుకోండి అత్తమ్మా” అనెను.