చిత్రములలోని ఖాళీలను పూరించుట

పాత చిత్రములు చినుగును, రంగు పెచ్చులూడును, ఛాయాచిత్రములపై గీతలు పడును. అట్లు పోయిన భాగమును నింపుట చిత్రకారుల చిరకాల విద్య. నేడు కంప్యూటరును ఆ పని చేయుచున్నది. లేని భాగమును ఆ యంత్రము ఎక్కడినుండి తెచ్చును? దానిని మన మెంతవరకు నమ్మవచ్చును? ఈ రెండు ప్రశ్నలను ఇచట విచారింతము.

కంప్యూటరుకు చిత్రమనగా వరుసలు తీరిన సన్నని చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును కొన్ని అంకెలు తెలుపును. చిరిగినచోట ఆ అంకెలు లేవు, వానిని ఊహింపవలెను. ఇందుకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు.

మొదటిది, అంచుల రంగును లోనికి ప్రాకించుట. బెర్తాల్మియో, సాపిరో మొదలగువారు 2000 సంవత్సరమున ఈ పద్ధతిని ప్రకటించిరి. ఖాళీ అంచున ఆగిన రేఖలను వచ్చిన దిక్కుననే లోనికి సాగింతురు. సన్నని గీతలకు ఇది చాలును. ఖాళీ వెడల్పైనచో మసక మిగులును.

రెండవది, మాసిక వేయుట. చీర చిరుగునకు ఆ చీర గుడ్డనే వెదకినట్లు, చిత్రమందే పోలికగల భాగమును వెదకి తెచ్చి అతుకుదురు. ఎఫ్రోస్, లియుంగ్ అనువారు 1999లో ఈ త్రోవ చూపిరి. గడ్డి, ఇటుకగోడ చక్కగా కుదురును. పోయినది ముఖమైనచో, పోలిక ఎచటనుండి వచ్చును?

మూడవది, యంత్రమునకు అసంఖ్యాకములైన చిత్రములు చూపి నేర్పుట. బర్క్లీ పరిశోధకులు 2016లో ఇట్టి యంత్రముచే పెద్ద ఖాళీలను నింపించిరి. ముఖమున కన్ను ఎచట నుండునో ఇది ఎరుగును. కాని ఆ కన్ను ఎవరిది?

ఇట రెంబ్రాంట్ 1642లో ముగించిన ‘నైట్ వాచ్’ చిత్రమును తలపోయుదము. 1715లో ఆమ్‌స్టర్‌డాం పురభవనపు గోడకు పట్టలేదని దాని నాలుగంచులను కత్తిరించిరి. ఎడమవైపున సుమారు 60 సెంటీమీటర్లు పోయినది. దానితో ఇద్దరు పురుషులును, ఒక బాలుడును పోయిరి. అదృష్టవశమున, కత్తిరింపునకు ముందే లుండెన్స్ అను చిత్రకారుడు చిన్న ప్రతి నొకటి వ్రాసియుండెను. 2021లో రైక్స్ మ్యూజియమువారు ఆ ప్రతిని మూలముతో పోల్చి, రెంబ్రాంట్ రంగుల తీరును కంప్యూటరుకు నేర్పి, ప్రతిలోని అంచులను ఆ తీరునకు మార్పించిరి. వానిని అచ్చొత్తి మూలము ప్రక్కన కొంతకాలముంచి, పిదప తొలగించిరి. మూలముపై కొత్తరంగు ఒక్క చుక్కయు పడలేదు.

అచట ఊహకు లుండెన్స్ ప్రతి సాక్షి. మన తాతగారి మాసిన ఛాయాచిత్రమునకు అట్టి సాక్షి లేదు. యంత్రము దిద్దిన ముఖము సుందరముగనే యుండును. అది తాతగారి ముఖము కాకపోవచ్చును. రెండు తరములు గడచిన పిమ్మట ఆ భేదము చెప్పగలవారుండరు.

రోమునగరపు చిత్రోద్ధారకులు ఇందుకొక మర్యాద ఏర్పరచిరి. పోయిన భాగమును సన్ననైన నిలువు గీతలతో నింపుదురు. దూరమునుండి చిత్రము నిండుగా తోచును; దగ్గరకు పోయినవారికి పూరణము పూరణముగనే కనిపించును. కంప్యూటరు పూరణమునకును ఇదియే ధర్మము. మూలప్రతిని చెరుపక వేరుగ దాచవలెను. నింపిన భాగమిదియని వ్రాసి యుంచవలెను. ఖాళీని పూరించుట విద్య. పూరించితిమని చెప్పుట సత్యము. మనకు రెండును కావలెను.