అనంతపురం చెరువు విలువ ఎంత?

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. చెప్పుకోవడానికి తక్కువే. కానీ ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాల మీద పడిన ఆ వానను పోగేస్తే 55 లక్షల లీటర్లు. జల్ జీవన్ మిషన్ కొలత ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఆ చొప్పున వెయ్యి మంది ఉన్న ఊరికి 100 రోజులకు సరిపోయే నీళ్లు అవే.

ఈ నీటిని చెరువు నిలిపి నేలలోకి దించుతుంది. ఈ సేవకు ధర కట్టాలంటే, చెరువే లేకపోతే ఎంత ఖర్చయ్యేదో చూడాలి. వేసవిలో బోర్లు ఎండితే 55 లక్షల లీటర్లు తోలడానికి 5,000 లీటర్ల ట్యాంకరు 1,100 సార్లు తిరగాలి. ట్రిప్పు 500 రూపాయలనుకుంటే 5.5 లక్షలు. అయితే ఇది కరువు సీమ. చెరువు ఐదేళ్లలో రెండుసార్లే నిండుతుందనుకుంటే ఏడాది సగటు 2.2 లక్షలకు దిగుతుంది.

ఇది ఒక్క పద్దు. ఆయకట్టు పంట, చేపల వేలం, పొలాలకు తోలుకునే ఒండ్రు, గొర్రెల మేత వేరే పద్దులు. ఒకే నీటిని పంటలోనూ బోరులోనూ రెండుసార్లు లెక్కించకూడదు.

కొన్నిటికి అంగడి ధరే ఉండదు. చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్లలకు చేపలు తెచ్చేది చుట్టుపక్కల చెరువుల నుంచే. చెరువులు ఎండితే ఆకలితో మాడేది ఆ పిల్లలే.

1997లో రాబర్ట్ కోస్టాంజా బృందం ప్రపంచ చిత్తడి నేలల సేవలకు హెక్టారుకు ఏడాదికి 14,785 డాలర్లు లెక్కగట్టింది. అది ప్రపంచ సగటు. ఏళ్ల తరబడి ఎండి ఉండే మన చెరువుకు దాన్ని అతికించలేం.

1971 నాటి రామ్‌సార్ ఒప్పందం మనుషులు తవ్విన, కొంతకాలమే నీళ్లుండే జలాశయాలనూ చిత్తడి నేలలుగానే చూస్తుంది. మన దేశపు 2017 చిత్తడి నేలల నిబంధనలు మాత్రం సాగునీటి కోసం కట్టిన వాటిని ఆ నిర్వచనం నుంచి తప్పించాయి. అనంతపురం చెరువుల్లో అత్యధికం సాగు కోసం కట్టినవే కాబట్టి ఆ నిర్వచనంలోకి రావు. నగరానికి పేరిచ్చిన అనంతసాగరం కూడా విజయనగర రాజు బుక్కరాయల మంత్రి కట్టించిన చెరువే.

పూర్వం రాయలసీమలో చెరువు బాగోగులు చూసేవారికి దశబంధం ఇనాంగా భూమి రాసిచ్చేవారు. నిర్వహణకు విలువ ఉందని ఆ కాలమే ఒప్పుకుంది. చెరువు భూమిని లేఅవుటుకో భవనానికో ఇచ్చే ముందు తాగునీరు, పంట, చేపలు–మేత, పక్షులు అన్న నాలుగు పద్దులు గ్రామసభ ముందు పెట్టాలి. ఆ లెక్క తేలకుండా ఒక్క సెంటు కూడా వదులుకోకూడదు.