ఇసుకలో మేకు నిలవదు

డొంకూరు ఒడ్డున మేం మొదటిసారి వేసిన గుడారం తెల్లారేదాకా నిలబడలేదు. సరుగుడు తోటకీ సముద్రానికీ మధ్య ఇసుకలో, పుస్తకంలో ఉన్నట్టే మేకులు ఏటవాలుగా దిగ్గొట్టాం. సముద్రపు గాలికి వీపు పెట్టి గుమ్మం పడమటికి తిప్పాం. మా స్కౌటు జట్టుకి నాయకుడైన పెట్రోల్ లీడరు తాళ్లు ఒకసారి లాగి చూసి, సరేనన్నాడు. పగలు సముద్రం నుంచి వీచే గాలి రాత్రి పొద్దుపోయాక నేల మీద నుంచి వీస్తుందని మాలో ఎవరికీ తట్టలేదు. అర్ధరాత్రి దాటాక గాలి గుమ్మంలోంచి లోపలికొచ్చి గుడ్డని తెరచాపలా ఉబ్బించింది. మేకులు ఒక్కొక్కటే ఊడొచ్చాయి. లోపల ఎనిమిదిమందిమి. ఎవడి కాలు ఎవడి మెడ మీదుందో తెలియదు.

ఆ గోలకి తెప్పల దగ్గర పడుకున్న ఒక తాత లేచొచ్చాడు. "ఏటర్రా గుంటల్లారా, ఇసకలో మేకు నిలస్తాదేటి?" అన్నాడు. ఎండిన కొబ్బరి మట్టలు తెమ్మన్నాడు. మోచేతి లోతున గొయ్యి తవ్వించి, మట్ట నడుముకి తాడు కట్టి, అడ్డంగా పడుకోబెట్టి, పైన ఇసుక పోయించి తొక్కించాడు. "ఇప్పుడు లాగండి" అన్నాడు. ముగ్గురం కలిసి లాగినా కదల్లేదు. ఇసుకలో మేకు దిగిన దారినే జారి వచ్చేస్తుంది. అడ్డంగా పడుకున్న మట్ట పైకి రావాలంటే తన మీదున్న ఇసుకనంతా మోసుకుని రావాలి. ఇసుక నేలలో గుడారం వేసేవాళ్లకి స్కౌటు పుస్తకాలు చెప్పే ఉపాయం కూడా ఇదే. మా మాస్టారు మర్నాడు పొద్దున్న జెండా వందనం అయ్యాక తాతని పిలిపించి, దళం మొత్తానికి ఆ పాఠం మళ్లీ చెప్పించారు.

మన ఊరి సంస్థ ఒకదాని గురించి రాయమని మన సంఘం సంచిక సంపాదకులు అడిగినప్పుడు నాకు ఆ పొద్దు గుర్తొచ్చింది. గుడికి గోపురం ఉంటుంది, బడికి గోడలుంటాయి, గ్రంథాలయానికి బోర్డుంటుంది. స్కౌటు దళానికి మెడలో స్కార్ఫు, చేతిలో తాడు తప్ప ఏమీ ఉండవు. దాని చిరునామా కూడా వారం వారం మారుతుంది: ఈ శనివారం బడి మైదానం, వచ్చే శనివారం జీడితోట, సెలవుల్లో డొంకూరు ఒడ్డు.

డొంకూరు తెలియనివాళ్లకి రెండు మాటలు. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలో, ఆంధ్ర తీరం ఒడిశాకి తగిలే చోట ఉన్న మత్స్యకార గ్రామం ఇది. గజపతి జిల్లా కొండల్లో పుట్టిన బాహుదా నది ఇచ్ఛాపురం పక్కగా వచ్చి ఈ దగ్గర్లోనే సముద్రంలో కలుస్తుంది. దక్షిణంగా కవిటి, సోంపేట, మందస, పలాస వైపు ఉద్దానం పరుచుకుని ఉంటుంది: కొబ్బరి, జీడి, పనస, సరుగుడు, మొగలి పొదలు. ఈ తీరం మనుషులు ఒకప్పుడు రంగూన్ వెళ్లారు. రైలు పనులకి ఖరగ్‌పూర్ వెళ్లారు. చేపల వేటకి అండమాన్, గుజరాత్‌లోని వేరావల్ దాకా ఇప్పటికీ వెళ్తున్నారు. చివరికి మనలాంటివాళ్లం అమెరికా చేరాం. బయట గుడారం వేసుకుని బతకడం ఈ తీరానికి కొత్త కాదు.

స్కౌటింగ్ పుట్టింది మాత్రం మరో తీరంలో. 1907 ఆగస్టులో ఇంగ్లాండ్ దక్షిణాన బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో బేడెన్ పవెల్ అనే సైనికాధికారి ఇరవైమంది దాకా మగపిల్లల్ని వెంటబెట్టుకుని వారం రోజులు మకాం వేశాడు. కలిగినవాళ్ల బడుల్లో చదివే పిల్లల్నీ, పనివాళ్ల పిల్లల్నీ కలిపి చిన్న చిన్న జట్లు చేశాడు. ఒక జట్టు పేరు తోడేళ్లు, ఇంకో జట్టు పేరు ఎద్దులు. మరి రెండిటికి పిట్టల పేర్లు పెట్టాడు. ఆ జట్టునే ఇప్పటికీ పెట్రోల్ అంటున్నాం. 1909లో బెంగళూరులో మన దేశపు మొదటి దళం మొదలైంది కానీ, అందులో తెల్లవాళ్ల పిల్లలకీ ఆంగ్లో ఇండియన్ పిల్లలకీ తప్ప చోటు లేదు. ఆ తలుపు తెరుచుకోకపోతే వేరే ఇల్లే కట్టుకుందామని మద్రాసులో అనీబిసెంట్, అరండేల్ 1916-17 ప్రాంతంలో భారతీయ బాలల కోసం విడిగా సంఘం పెట్టారు. ఆ పిల్లలు టోపీ బదులు తలపాగా చుట్టారు. ఉత్తరాన మదన్‌మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవా సమితి పేరుతో అదే పని చేశారు.

అప్పటికి మన ఇచ్ఛాపురం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆ జిల్లాలో చాలా భాగం అటు పోయింది, మనం ఇటు మిగిలాం. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అదే ఏడాది నవంబర్ 7న విడివిడిగా ఉన్న స్కౌటు సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. మరుసటి ఏడు ఆడపిల్లల గైడ్ సంఘమూ వచ్చి చేరింది. మన జిల్లాకీ ఈ సంస్థకీ వయసు తేడా మూడు నెలలు కూడా లేదు.

ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆపైన రాజ్య పురస్కార్, చివర రాష్ట్రపతి పురస్కార్. మెట్ల పేర్లు ఇవి. మెట్టు ఎక్కించేది మాత్రం మకామే. పొద్దున్నే విజిల్, బేడెన్ పవెల్ పేరిట చేసే బీపీ సిక్స్ వ్యాయామం, గుడారాల తనిఖీ, జెండా, సర్వధర్మ ప్రార్థన. తర్వాత వెదురు బొంగులు, సరుగుడు వాసాలు, తాళ్లు ముందేసుకుని గాడ్జెట్లు కట్టడం: గిన్నెలకో అల్మరా, చెప్పులకో స్టాండు, బట్టలకో దండెం. ఒక్క మేకు కూడా కొట్టకూడదు, అంతా తాడు కట్టే. మధ్యాహ్నం గిన్నెలు లేకుండా వంట. అరటాకులో చేప చుట్టి, పైన బంకమట్టి మెత్తి నిప్పుల్లో పెట్టేవాళ్లం. చిలగడదుంపల్ని బూడిదలో కప్పేవాళ్లం. కార్తీక వనభోజనాల్లో అమ్మలు వండితే మేం తినేవాళ్లం. ఇక్కడ నీళ్లు, కట్టెలు, వంట, అంట్లు నాలుగూ వంతుల ప్రకారం మావే. వేటకెళ్లే ఇంటి పిల్లాడూ, కొబ్బరితోట ఉన్న ఇంటి పిల్లాడూ, జీడిపిక్కలేరే తల్లి కొడుకూ ఒకే పొయ్యి ఊదేవాళ్లు. ఎవరి వంతు ఎవరూ తప్పించుకోవడానికి లేదు. తప్పించుకుంటే ఆ పూట జట్టంతా పస్తు.

తాడు దగ్గర మా దళంలో పెద్దరికాలు తలకిందులయ్యాయి. షీట్ బెండ్ అనే ముడి ఒకటుంది, లావు తాడుకి సన్నతాడు కలపడానికి. మాస్టారు నల్లబల్ల మీద బొమ్మ వేసి మూడుసార్లు చెప్పినా, లెక్కల్లో మొదటి మార్కులొచ్చే నాకు చేతికి రాలేదు. వెనక బెంచీలో కూర్చునే వేటగాళ్ల పిల్లాడు చూసి నవ్వాడు. "ఇది వల ముడి కాదేటి?" అని కళ్లు మూసుకుని కట్టేశాడు. నిజంగా అదే ముడి. వలలో ఒక్కో కంటినీ పట్టి ఉంచేది అదే. ఇవాళ నైలాను వలలు యంత్రాల మీద తయారై వస్తున్నా, చిరిగిన చోట అతుకు చేత్తోనే, ఆ ముడితోనే వేస్తారు. స్కౌట్లు నేర్చుకునే ముళ్లలో మరొకదానికి ఫిషర్‌మన్స్ నాట్ అనే పేరే ఉంది. ఆ మకాంలో వాడే మాకు ముళ్ల మాస్టారు. బడిలో మార్కులు తేని విద్య, ఒక వాడ దాటి బయటికి రాని విద్య, అక్కడ దళం మొత్తానిదీ అయింది. స్కౌటింగ్ మా ఊరికి చేసిన మేలేమిటని అడిగితే నేను చెప్పేది ఇదే: వేటగాళ్ల చేతుల్లో ఉన్న చదువుని చదువుగా గుర్తించింది, అడిగి నేర్చుకునే అలవాటు చేసింది.

ఈ ఒడ్డున మకాం అంటే సరదా ఒక్కటే కాదు, కట్టడీ ఉంది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఎవరూ దిగకూడదు. పైకి నిదానంగా కనిపించే నీళ్ల కింద లాగుడు ఉంటుంది. స్నానానికి ఇద్దరిద్దరు జంట. విజిల్ వినపడగానే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైకెత్తాలి. క్యాంప్ ఫైర్ ఒడ్డు మీద కాదు, సరుగుళ్ల వెనక. చలికాలం నుంచి వేసవి మొదటి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెట్టడానికొస్తాయి. గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలు వెలుగున్న వైపుకి పాకుతాయి. సముద్రం మీది మసక వెలుగు బదులు మన మంట కనిపిస్తే దారి తప్పి నేల మీదికొచ్చి చస్తాయి. ఇక నీళ్లు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని ఖాళీ చేసిందో మనందరికీ తెలుసు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల్లో తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. అది లేని మా రోజుల్లో మకాంకి ముందుగా తేల్చుకోవలసింది నీళ్లెక్కడివి అన్నదే.

స్కౌట్ల నినాదం ఒకే మాట: తయార్. ఆ మాటకి అర్థమేమిటో ఈ తీరానికి అక్టోబరు నెల చెబుతుంది. 2013 అక్టోబరు 12న పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడుకున్నాయి. ఆ రెండుసార్లూ నేనిక్కడ అమెరికాలో ఫోను చేతిలో పట్టుకుని, కలవని నంబరే నొక్కుతూ కూర్చున్నాను. రెండు వెదురు బొంగులకి దుప్పటి చుట్టి మనిషిని మోయడం, స్కార్ఫుతో విరిగిన చేతికి కట్టు కట్టడం, ఉప్పూ పంచదార కలిపిన నీళ్లు తయారుచేయడం, తడికట్టెతో పొయ్యి రాజేయడం. పన్నెండేళ్ల వయసులో ఆటగా నేర్చుకున్న పనులన్నీ అలాంటి రోజు కోసమేనని ఆ రాత్రుల్లో అర్థమైంది.

సంస్థ లోపం కూడా చెప్పాలి. దళానికి గోడలు లేకపోవడం ఎంత అందమో అంత ప్రమాదం. నడిపే మాస్టారు బదిలీ అయితే దళం కూడా బదిలీ అయినట్టే. మా బడిలో అదే జరిగింది. గుడారాలు స్టోర్ రూములో చెదలు పట్టాయి.

ఇక్కడ అమెరికాలో మన పిల్లలు చాలామంది స్కౌట్లే. 2019 నుంచి ఆడపిల్లలకీ ఈ దళాల్లో చోటిచ్చారు. 2025 ఫిబ్రవరిలో ఇక్కడి సంస్థ పేరే స్కౌటింగ్ అమెరికా అయింది. ఈగిల్ స్కౌట్ కావాలంటే పద్దెనిమిదేళ్లు నిండేలోగా కనీసం 21 మెరిట్ బ్యాడ్జీలు సంపాదించాలి, ఊరికి పనికొచ్చే సేవా ప్రాజెక్టు ఒకటి తానే ముందుండి నడపాలి. శనివారాలు పిల్లల్ని కారులో దింపి వచ్చే మనం, అదే తాడు అక్కడా ఉందన్న సంగతి మర్చిపోతున్నాం.

కాబట్టి సంఘానికి నా విన్నపం చిన్నది. ఊళ్లో భవనం కట్టొద్దు. ఉద్దానంలో ఏ బడిలోనైనా ఒక మాస్టారో టీచరమ్మో ముందుకొస్తే స్కౌటు శిక్షణకి వెళ్లే ఖర్చు పెట్టుకుందాం. నాలుగు టార్పాలిన్లు, ఆరు చుట్టల తాడు, ఒక ప్రథమ చికిత్స పెట్టె కొనిద్దాం. ఒక్కరు బదిలీ అయినా దళం ఆగకుండా ఇద్దరికి శిక్షణ ఇప్పిద్దాం. రెండో మాట మన పిల్లల గురించి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మనకి సెలవులిచ్చేసరికి అక్కడ పడవలు ఒడ్డునే ఉంటాయి, మనుషులు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఊరెళ్లినవాళ్లు తిరుపతి ప్రయాణంలోంచి ఒక్క పూట మిగుల్చుకుంటే చాలు.

మొన్న జూన్‌లో నేను మిగుల్చుకున్నాను. వల ముందేసుకుని కూర్చున్న పెద్దాయన పక్కన మా అమ్మాయి చతికిలబడి, ఒక దారం ముక్క తీసుకుని షీట్ బెండ్ కట్టి చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమెరికాలో కూడా వలలేస్తారేటమ్మా?" అన్నాడు. తర్వాత జరిగి చోటిచ్చి, దారం చుట్టిన పుల్ల ఆమె చేతికిచ్చాడు. సాయంత్రం దాకా మూడు వరసలు కట్టింది. అందులో రెండు ఆయన విప్పి మళ్లీ కట్టాడు. ఒకటి ఉంచాడు.