దీర్ఘకాలిక నొప్పి సేవలు – జాతీయ స్థాయి సమన్వయం: స్కాట్లాండ్ అనుభవం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• తాత్కాలిక నొప్పికీ దీర్ఘకాలిక నొప్పికీ గల తేడాను చెప్పగలుగుతారు.
• దేశమంతటా నొప్పి సేవలను సమన్వయపరచడంలో ఉండే ముఖ్యమైన పనులను గుర్తించగలుగుతారు.
• నివేదికకూ అమలుకూ మధ్య దూరం ఎందుకు ఏర్పడుతుందో ఉదాహరణతో వివరించగలుగుతారు.

1. పరిచయం

చేయి విరిగితే నొప్పి పుడుతుంది. ఎముక అతుక్కున్న కొద్దీ అది తగ్గిపోతుంది. ఇది తాత్కాలిక నొప్పి. శరీరానికి జరిగిన హానిని తెలిపే హెచ్చరిక. కొందరిలో గాయం మానిన తరువాత కూడా నొప్పి నిలిచిపోతుంది. మరికొందరిలో స్పష్టమైన గాయం ఏదీ కనిపించకపోయినా నొప్పి ఉంటుంది. మూడు నెలలకు మించి కొనసాగే, లేదా మళ్ళీ మళ్ళీ వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ 11వ కూర్పు 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. అందులో దీర్ఘకాలిక నొప్పికి ప్రత్యేక స్థానం, కోడ్‌లు ఇచ్చారు. ఇది కేవలం రికార్డులకు సంబంధించిన మార్పు అనుకోకండి. రికార్డులో పేరు లేని సమస్యను లెక్కించలేం. లెక్కకు రాని సమస్యకు సిబ్బందినీ నిధులనూ అడగడం కష్టం.

2. సమన్వయం ఎందుకు అవసరం?

గుండె జబ్బుకు గుండె విభాగం ఉంది. నొప్పికి అలాంటి ఒకే ఇల్లు లేదు. నడుము నొప్పితో బాధపడే వ్యక్తి మొదట కుటుంబ వైద్యుని వద్దకు, తరువాత ఎముకల విభాగానికి, అక్కడి నుంచి నరాల విభాగానికి వెళ్ళవచ్చు. ప్రతిచోటా పరీక్షలు జరుగుతాయి. ‘మా విభాగానికి సంబంధించిన లోపం ఏమీ లేదు’ అనే జవాబు రావచ్చు. ఈలోగా నిద్ర చెడుతుంది, ఉద్యోగం పోతుంది, మందుల మోతాదు పెరుగుతుంది.

ఇటువంటి వ్యక్తికి వైద్యుడు, నర్సు, ఫిజియోథెరపిస్టు, మనస్తత్వ నిపుణుడు, ఫార్మసిస్టు కలిసి పనిచేయాలి. వీరిని ఒక ఆసుపత్రిలో కలపడమే కష్టం. దేశమంతటా ఒకే ప్రమాణంతో కలపాలంటే జాతీయ స్థాయిలో ఎవరో ఒకరు ఆ బాధ్యత తీసుకోవాలి.

3. స్కాట్లాండ్ ఉదాహరణ

స్కాట్లాండ్ జనాభా సుమారు 55 లక్షలు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవను 14 ప్రాంతీయ ఆరోగ్య బోర్డులు నడుపుతాయి. గ్లాస్గో నగరం ఉన్న బోర్డు పరిధిలో 11 లక్షలకు పైగా ప్రజలు ఉంటే, ఆర్క్‌నీ దీవుల బోర్డు పరిధిలో సుమారు 22 వేల మంది మాత్రమే ఉంటారు. ఇంత తేడా ఉన్నచోట ప్రతి బోర్డు తనకు తోచినట్లు సేవలు ఏర్పాటు చేస్తే, రోగికి అందే వైద్యం అతడు నివసించే ఊరిని బట్టి మారిపోతుంది.

ఈ అసమానతను 2004లో ప్రొఫెసర్ జేమ్స్ మెక్‌ఎవెన్ నివేదిక ఎత్తిచూపింది. కొన్నేళ్ళ తరువాత మరో జాతీయ సమీక్ష జరిపినప్పుడు, ఆ సిఫార్సులలో చాలావరకు అమలు కాలేదని తేలింది. ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. లోపం ఎక్కడుందో నివేదిక చెప్పింది. కాని దాన్ని సరిచేసే పని ఎవరిదో, ఎప్పటిలోగా చేయాలో, ఎవరికి జవాబు చెప్పాలో తేలలేదు.

ఆ తరువాత చర్యలు ఒక్కొక్కటిగా వచ్చాయి:

(అ) గుర్తింపు: 2008లో స్కాట్లాండ్ ప్రభుత్వం దీర్ఘకాలిక నొప్పిని స్వతంత్రమైన దీర్ఘకాలిక ఆరోగ్య సమస్యగా గుర్తించింది.

(ఆ) బాధ్యత: దేశం మొత్తానికి నొప్పి సేవల మెరుగుదలను చూసే ఒక ప్రధాన వైద్యుని నియమించారు.

(ఇ) ప్రమాణం: 2013 డిసెంబరులో ‘సైన్ 136’ అనే వైద్య మార్గదర్శకం వెలువడింది. వ్యాయామం చేయించడం, రోగి తన సమస్యను తానే నిర్వహించుకునేలా తోడ్పడటం, ఓపియాయిడ్ మందులు వాడేవారిని క్రమం తప్పకుండా సమీక్షించడం ఇందులో ముఖ్యాంశాలు. 2019లో ఓపియాయిడ్ల భాగాన్ని సవరించారు.

(ఈ) కొరతను పూరించడం: తీవ్రమైన నొప్పి ఉన్నవారికి కొన్ని వారాలు అక్కడే ఉంచి శిక్షణ ఇచ్చే కేంద్రం స్కాట్లాండ్‌లో ఉండేది కాదు. అటువంటివారిని ఇంగ్లండ్‌లోని బాత్ నగరానికి పంపేవారు. గ్లాస్గో నుంచి అది రోడ్డు మీద సుమారు 600 కిలోమీటర్లు. కాసేపు కూర్చోవడమే కష్టమైనవారికి ఆ ప్రయాణం ఎంత భారమో ఊహించండి. రోగులు, వారి ప్రతినిధులు ఏళ్ళ తరబడి పార్లమెంటులో ఈ విషయాన్ని లేవనెత్తారు. చివరకు 2015లో గ్లాస్గోలో జాతీయ కేంద్రం ప్రారంభమైంది.

(ఉ) ఉమ్మడి ప్రణాళిక: 2022 జులైలో ప్రభుత్వం నొప్పి సేవల చట్రాన్నీ అమలు ప్రణాళికనూ ప్రకటించింది. రోగి కేంద్రంగా సంరక్షణ, సేవల అందుబాటు, నొప్పి ఉన్నా బాగా జీవించడానికి సురక్షితమైన తోడ్పాటు, సేవల మెరుగుదల అన్నవి దాని నాలుగు లక్ష్యాలు.

4. స్థాయిల వారీ సేవలు

స్కాట్లాండ్ నమూనాలో సేవలను నాలుగు స్థాయిలుగా అమర్చారు. మొదటిది, సమాజంలో దొరికే సలహా, స్వయం నిర్వహణ. రెండవది, కుటుంబ వైద్యుడు, స్థానిక ఫిజియోథెరపిస్టు వంటివారి ప్రాథమిక వైద్యం. మూడవది, ఆసుపత్రిలోని నొప్పి క్లినిక్. నాలుగవది, వెన్నుపాముకు విద్యుత్ ప్రేరణ ఇచ్చే పరికరాలు, జాతీయ కేంద్రంలో శిక్షణ వంటి అత్యంత ప్రత్యేక సేవలు.

ఎక్కువ మందికి కింది స్థాయిలలోనే సాయం అందాలన్నది దీని ఉద్దేశం. కింది స్థాయి బలహీనంగా ఉంటే అందరినీ క్లినిక్‌కే పంపుతారు. అక్కడ వరుస పెరుగుతుంది. నిజంగా క్లినిక్ అవసరమైన వ్యక్తి నెలల తరబడి వేచి ఉండవలసి వస్తుంది. అంటే క్లినిక్ ముందున్న వరుసను తగ్గించే పని చాలావరకు క్లినిక్ బయటే మొదలవుతుంది.

5. దేన్ని కొలవాలి?

సమన్వయానికి ఒకే రకమైన లెక్కలు కావాలి. నొప్పి క్లినిక్‌లో మొదటి సందర్శన కోసం ఎంతకాలం వేచి ఉండాలో స్కాట్లాండ్‌లో బోర్డుల వారీగా ప్రచురిస్తారు. దీనివల్ల ఒక బోర్డును మరొక దానితో పోల్చవచ్చు. అయితే ఈ సంఖ్య ఒక్కటే చాలదు. కొత్త రోగులను త్వరగా చూడటానికి పాత రోగుల తదుపరి సందర్శనలను వెనక్కి నెట్టితే, లెక్క బాగుపడుతుంది, వైద్యం మాత్రం బాగుపడదు. అందువల్ల తిరిగి రావలసినవారు ఎంతకాలం ఆగారు, వైద్యం తరువాత నిద్ర, నడక, పని ఏమైనా మెరుగుపడ్డాయా అన్నవి కూడా చూడాలి. నొప్పి పూర్తిగా పోయిందా అన్నది ఒక్కటే ఫలితం కాదు. చాలామందిలో అది పూర్తిగా పోదు.

6. సారాంశం

జాతీయ స్థాయిలో సేవలు మెరుగుపడాలంటే గుర్తింపు, బాధ్యుడు, ప్రమాణం, స్థాయిల వారీ ఏర్పాటు, ఉమ్మడి లెక్కలు, రోగుల గొంతు అనే ఆరూ కలవాలి. 2004 నివేదిక నుంచి 2022 ప్రణాళిక వరకు 18 ఏళ్ళు గడిచాయి. లోపం తెలిసినంత మాత్రాన అది తీరదని ఈ కాలం చెబుతోంది. ప్రణాళిక వెలువడిన తరువాత కూడా సిబ్బంది, నిధులు, గడువు తోడైతేనే రోగికి తేడా తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. దీర్ఘకాలిక నొప్పిని నిర్వచించండి.
2. 2004 నివేదిక సిఫార్సులు అమలు కాకపోవడం నుంచి మీరు ఏమి గ్రహించారు?
3. మొదటి సందర్శన నిరీక్షణ కాలాన్ని మాత్రమే కొలిస్తే వచ్చే చిక్కు ఏమిటి?
4. కృత్యం: మీకు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆరు నెలలుగా నడుము నొప్పి ఉన్న వ్యక్తి వస్తే, అక్కడ ఏ సాయం దొరుకుతుంది, తరువాత ఎక్కడికి పంపుతారు అన్నది తెలుసుకొని, పై నాలుగు స్థాయిలతో పోల్చి ఒక పేజీ రాయండి.