వాయిదా మాఫీ కాదు

కాలము చెడినప్పుడు రాబడి తగ్గుట యెల్లరకును కనబడును. రాబడితోపాటు బిల్లులు తగ్గకపోవుట మాత్రము ఆలస్యముగా తెలియవచ్చును. ఇంటియద్దె, విద్యుచ్ఛక్తి, పిల్లల బడిజీతము, అప్పు వాయిదా, పనివారి కూలి - ఇవి మంచికాలమున కుదిరిన మొత్తములతోనే చెడుకాలమునందును వాకిట నిలుచును. సంసారములను కూల్చునది ఈ వ్యత్యాసమే.

మద్రాసు రాజధానిలోని ఆంధ్రమండలములు ఈ పాఠమును మిక్కిలి మూల్యమిచ్చి నేర్చినవి. 1929లో అమెరికాయందు పొడసూపిన ఆర్థికమాంద్యము సముద్రములు దాటివచ్చి మన ధాన్యపు ధరలను పడద్రోసినది. కృష్ణా గోదావరీ డెల్టాలలో పొలము పండుట మానలేదు. పండిన ధాన్యమునకు వెల లేకపోయెను. శిస్తు రూపాయలలో నిర్ణయమై యుండెను. నోటు వ్రాసియిచ్చిన యప్పును రూపాయలలోనే యుండెను. ధర సగమైనచో పది బస్తాలతో తీరవలసిన బాకీ ఇరువది బస్తాలను కోరును. 1931 తరువాత దేశములోని బంగారము కుప్పలుగా విదేశములకు తరలిపోవుటకు ఇట్టి యిక్కట్టులు నొక కారణము.

1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము రైతుల ఋణభారమును తగ్గించుటకు చట్టము చేసినది. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ రద్దయినది. అసలునకు రెండింతలు చెల్లించిన రైతు బాకీ తీరినట్లే యని శాసింపబడినది. ఉపకారము గొప్పదే. కాని మాంద్యపు తొలి యేండ్లలోనే పొలమమ్ముకొన్నవానికి ఆ చట్టము పొలమును తిరిగి యీయలేదు. ప్రభుత్వసహాయము వచ్చునంతవరకు నిలువగలుగుట గృహస్థుని పని.

ఇటీవలి యుదాహరణము మరచిపోదగినది కాదు. 2020లో మహమ్మారి వ్యాపించినప్పుడు మార్చి 1 మొదలు ఆగస్టు 31 వరకు అప్పు వాయిదాలు నిలుపుటకు రిజర్వు బ్యాంకు అనుమతించినది. దానిని మాఫీయని భావించినవారు పెక్కుమంది. వడ్డీ మాత్రము నిద్రింపలేదు. ఆ కాలమునకు వడ్డీమీద వడ్డీ కూడదని 2021 మార్చిలో సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను గాని, వడ్డీని తీసివేయలేదు.

ఇక చేయవలసిన దేమి? మొదటిది చిట్టా. కొట్టుగల్లాలోనుండి ఇంటిఖర్చునకు తీయుట, ఇంటి నగలను కుదువబెట్టి కొట్టు సరకునకు చెల్లించుట మనలో సర్వసాధారణము. ఇట్లు రెండు లెక్కలు కలిసినచోట నష్ట మెక్కడ పుట్టినదో యజమానికే తెలియదు. ఇంటిలెక్క, పనిలెక్క వేర్వేరుగా వ్రాయవలెను. రావలసినవి, ఈయవలసినవి తేదీలతోసహా ఒక్క కాగితముపై కనబడవలెను.

రెండవది వరుస. బిగ్గరగా అరచువానికి మొదట చెల్లించుట మనయలవాటు. ఆ వరుస సరికాదు. ఏ బిల్లు చెల్లింపనిచో ఏమి పోవునో విచారింపవలెను. తిండి, మందులు, నిలువనీడ, జీవనోపాధి సాధనములు ముందు. తాకట్టులోనున్న పొలముగాని ఇల్లుగాని తరువాత. పిమ్మట హెచ్చువడ్డీ యప్పులు. నూటికి నెలకు రెండు రూపాయలనిన సంవత్సరమునకు ఇరువదినాలుగు. క్రెడిట్ కార్డు బాకీపై నెలకు మూడు రూపాయలు మించుట సామాన్యము. కనీసపు మొత్తము చెల్లించి ఊరటచెందువాడు బాకీని పొడిగించుకొనుచున్నాడు. ఒక యప్పు తీర్చుటకు అంతకంటె హెచ్చువడ్డీకి మరియొక యప్పు తెచ్చువాడు వాయిదాను కొనుచున్నాడు. వెల తరువాత తెలియును.

మూడవది మాట. గడువునకు ముందే వెళ్లి పరిస్థితి చెప్పినవానిని అప్పిచ్చినవాడు నమ్మును. గడువు దాటినపిదప చెప్పినమాట సాకుగా వినబడును. ఈ మాట ఇంటిలో మొదలు కావలెను. పరువుపోవునని భార్యకు చెప్పక అప్పులు దాచు పురుషుడు, ఖర్చు తగ్గింపగల చేతులకే లెక్క తెలియకుండ చేయుచున్నాడు. వంటయింటి లెక్క నెరిగిన యిల్లాలికి నోటులెక్క తెలియదనుట అహంకారమే.

ఇంతవరకు మన మీయవలసిన బిల్లులు. మన మాపినవియు కలవు. చిన్న పరిశ్రమలకు, సేవాసంస్థలకు సరకునకుగాని పనికిగాని చెల్లింపవలసిన సొమ్మును, ఒప్పందమున్నను నలుబదియైదు దినములకు మించి నిలుపరాదని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. మించినచో చక్రవడ్డీ యీయవలెను. కాని మనయింట తలుపు బిగించిన వడ్రంగికి, పొలములో కలుపుతీసిన కూలికి ఆ చట్టమును చేతబట్టుకొని వచ్చు శక్తి యెక్కడిది? కాలము బాగులేదని మనము "రేపు రమ్ము" అన్నచో, ఆనాటి సాయంకాలము వానియింట పొయ్యి వెలుగదు.

మన చెల్లింపే మరియొకని రాబడి. కావున బిల్లులను వరుస పెట్టునాడు కూలివాని పద్దును అడుగున వ్రాయకుందుము. బ్యాంకు నిరీక్షింపగలదు, వాడు నిరీక్షింపలేడు.