వయోజనుల కతోలిక మత స్వీకారం – ఒక పరిశీలన

మనలో అనేకులకు మతం జన్మతో సంక్రమించినది. తల్లి ఒడిలో విన్న ప్రార్థన, తండ్రి చేయి పట్టుకొని వెళ్లిన మసీదో, మందిరమో, చర్చియో మన ఇష్టానిష్టాలతో నిమిత్తం లేకుండానే మనవైనాయి. కాని విద్యావంతుడై, లోకం చూచిన పిదప ఒక వ్యక్తి తనంత తానుగా ఆలోచించి మరొక విశ్వాసాన్ని స్వీకరించడం వేరు సంగతి. ఈ విషయం చర్చకు వచ్చినప్పుడల్లా ఆవేశం అధికంగాను, విషయజ్ఞానం స్వల్పంగాను కనబడుతూ ఉంటుంది. కావున కతోలిక శ్రీసభలో వయోజనుడు ఏ విధంగా ప్రవేశిస్తాడో, ఆ మార్గంలో అతడు ఏమి పొందుతాడో, ఏమి కోల్పోతాడో ఇక్కడ వివరించదలచాము. ఏ మతాన్నీ పొగడడం గాని తెగడడం గాని మా ఉద్దేశం కాదు.

శిరస్సుపై నీరు పోసి, పేరు మార్చినంత మాత్రాన మత స్వీకారం ముగిసిపోతుందని పలువురి అభిప్రాయం. వాస్తవం ఇందుకు భిన్నమైనది. క్రైస్తవం తొలి శతాబ్దాలలో జ్ఞానస్నానం కోరి వచ్చిన పెద్దవారికి దీర్ఘకాలం శిక్షణ ఇచ్చేవారు. శిశు జ్ఞానస్నానం సర్వసామాన్యమైన తరువాత ఆ పద్ధతి క్రమంగా క్షీణించింది. 1962 నుండి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ దానిని పునరుద్ధరించాలని నిర్ణయించింది. తదనుగుణమైన విధానాన్ని రోమ్ 1972లో ప్రకటించింది.

ఈ విధానంలో నాలుగు దశలున్నాయి. మొదటిది విచారణ దశ. అభ్యర్థి తన సందేహాలను అడుగుతాడు, వింటాడు, తిరిగి ఆలోచించుకుంటాడు. రెండవది శిక్షణ దశ. ఇది కొన్ని మాసాలు కావచ్చు, కొన్ని సంవత్సరాలు కావచ్చు. ఉపదేశి బోధించే సిద్ధాంతాలతోపాటు ప్రార్థన, సేవ, నడవడి కూడా ఇందులో భాగమే. మూడవది శుద్ధి దశ. ఇది సాధారణంగా ఈస్టరుకు ముందు వచ్చే తపఃకాలంలో జరుగుతుంది. ఆ కాలపు మొదటి ఆదివారం నాడు అభ్యర్థులను ఎన్నుకొంటారు. మూడు, నాలుగు, ఐదవ ఆదివారాలలో వారి ఆత్మశోధన కోసం ప్రత్యేక ప్రార్థనలు జరుపుతారు. అటుపిమ్మట ఈస్టరు జాగరణ రాత్రి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం అనే మూడు సంస్కారాలను ఒకేసారి స్వీకరిస్తారు. నాలుగవ దశలో తాము పొందినదాని అర్థాన్ని సంఘంతో కలిసి మననం చేసుకుంటారు. మరొక క్రైస్తవ సంఘంలో సక్రమంగా జ్ఞానస్నానం పొందినవారికి దానిని మరల ఇవ్వరు. వారు విశ్వాస ప్రకటన చేసి, మిగిలిన సంస్కారాలను అందుకుంటారు.

ఇంత కాలయాపన ఎందుకు? స్వేచ్ఛ లేని విశ్వాసం విశ్వాసం కాదు గనుక. విశ్వాసం విషయంలో ఎవరినీ నిర్బంధించరాదని అదే మహాసభ 1965లో స్పష్టంగా ప్రకటించింది. బలవంతాన్ని, అనుచితమైన ప్రలోభాలను నిషేధించింది. అనగా అభ్యర్థి తొందరపడినా, సంఘం తొందరపడరాదు. మన రాజ్యాంగం 25వ అధికరణం ప్రసాదించిన అంతఃకరణ స్వాతంత్ర్యానికి ఇది సన్నిహితమైన భావమే.

ఈ మార్గం ఎంత కఠినమో తెలియడానికి జాన్ హెన్రీ న్యూమన్ జీవితం చక్కని ఉదాహరణ. 1801లో లండన్ నగరంలో జన్మించిన ఈయన ఆక్స్‌ఫర్డ్‌లోని ఓరియల్ కళాశాలలో ఫెలో. ఆంగ్లికన్ గురువు. 1828 నుండి విశ్వవిద్యాలయ దేవాలయమైన సెయింట్ మేరీస్‌లో ఆయన చేసిన ప్రసంగాలను వినడానికి విద్యార్థులు గుంపులుగా వచ్చేవారు. 1839 వేసవిలో ఐదవ శతాబ్దపు క్రైస్తవ వివాదాల చరిత్రను చదువుతుండగా, తాను నిలిచిన పక్షం సరియైనదేనా అన్న సంశయం ఆయనకు కలిగింది. అయినా మరునాడే పక్షం మార్చలేదు. 1842లో సమీప గ్రామమైన లిటిల్‌మోర్‌కు తరలిపోయి అధ్యయనంలోను, ప్రార్థనలోను గడిపారు. 1843లో దేవాలయ పదవిని, 1845 అక్టోబరులో ఫెలో పదవిని త్యజించారు. అదే నెల 9వ తేదీన, ఇటలీ నుండి వచ్చిన డొమినిక్ బార్బెరి అనే గురువు సమక్షంలో కతోలికులైనారు. సంశయం నుండి నిర్ణయానికి ఆరు సంవత్సరాలు పట్టింది.

ఇందుకు ఆయన చెల్లించిన మూల్యం స్వల్పం కాదు. ఆనాటి ఆక్స్‌ఫర్డ్ ఆంగ్లికన్ విద్యాపీఠం. అక్కడి మత నిబంధనలు అధిక భాగం 1871 చట్టంతో గాని తొలగలేదు. కావున ఆయన ఉద్యోగాన్నే గాక, యౌవనమంతా గడిపిన నగరాన్ని కూడా విడిచిపెట్టవలసి వచ్చింది. ఒక సోదరి ఆయనతో మాటలు మానివేసింది. పాత మిత్రులు దూరమైనారు. కొత్త సంఘంలోనూ చాలకాలం అనుమానపు చూపులు తప్పలేదు. 1864లో ఆయన నిజాయితీని ఒక రచయిత బహిరంగంగా శంకించగా, తన మనఃపరిణామ చరిత్రను తానే వ్రాసి ప్రకటించారు. దానిని చదివిన ఆంగ్లికన్లు సైతం ఆయన చిత్తశుద్ధిని గుర్తించారు.

మరుసటి సంవత్సరమే కీబుల్, ప్యూసీ అనే ఇద్దరు పాత మిత్రులతో కలిసి ఆయన ఒకే బల్ల వద్ద భోజనం చేశారు. వారిరువురూ ఆంగ్లికన్లుగానే ఉన్నారు, ఆయన కతోలికుడుగానే ఉన్నారు. తాను చదివిన ట్రినిటీ కళాశాల 1877లో ఆయనకు గౌరవ ఫెలో పదవి ఇచ్చింది. 1879లో కార్డినల్ అయిన న్యూమన్ 1890లో మరణించారు. 2019లో శ్రీసభ ఆయనను పునీతుడిగా ప్రకటించింది.

ఈ చరిత్ర నుండి మనం గ్రహించవలసినది ఒక్కటే. నిజమైన మత పరివర్తన ఒక పూట ఆవేశంతో సిద్ధించేది కాదు, ఇతరుల ఒత్తిడికి లొంగేదీ కాదు. మారదలచినవానికి ఓర్పు, నిజాయితీ అవసరం. చేర్చుకొనేవారికి నిగ్రహం అవసరం. చూచేవారికి మర్యాద అవసరం. భిన్న విశ్వాసాల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చొని చదివే మన కళాశాలలో, మిత్రుని అంతరాత్మను అతని సొంత ఇల్లుగా భావించి, పిలిస్తేనే లోపలికి పోవడం నేర్చుకొందుముగాక.